రంగు నీటికి కరెంటు వైద్యం



కూడు, గూడు, గుడ్డ - మనిషికి ఈ మూడూ కావాలని చిన్న తరగతుల నుంచీ చదువుకుంటూనే ఉన్నాం. కూడు పండించడానికి నీరు కావాలి. గుడ్డకు రంగు వేయడానికీ నీరే కావాలి. ఒకరు వాడి వదిలిన నీరు ఇంకొకరి పొలంలోకి పోయినప్పుడు ఈ రెండింటికీ తగాదా వస్తుంది. ఆ తగాదా మా హాస్టల్లోనే మొదలైంది.

మాలో కొందరం నేత పని, అద్దకం పని చేసే ఇళ్ళ నుంచి వచ్చాం. మరికొందరి ఇళ్ళు అద్దకం నీరు పారే కాలువ దిగువన ఉన్నాయి. ఒక సాయంత్రం స్టడీ అవర్‌లో మాట మీద మాట పెరిగింది. "మీ వాళ్ళ రంగు నీళ్ళ వల్లే మా బావి చెడిపోయింది" అని ఒకరు, "ఆ పని మానేస్తే మేం ఏం తినాలి?" అని ఇంకొకరు. మా సైన్సు మాస్టారు ఇద్దరి మాటా విని, "కాలువను తిట్టుకుంటే లాభం లేదు. ఆ నీటిలో ఏముందో, దానికి మందు ఉందో లేదో మీరే తెలుసుకోండి" అన్నారు. అలా మేము చదివి తెలుసుకున్నవి, ప్రయోగం చేసి చూసినవి ఈ వ్యాసంలో రాస్తున్నాం.

రంగు నీటిలో ఏముంటుంది?

1856లో ఇంగ్లండులో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ళ విద్యార్థి మలేరియా మందు కోసం ప్రయోగం చేస్తుండగా ఊదా రంగు పదార్థం ఒకటి దొరికింది. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదే నాంది. అంతకు ముందు నీలిమందు, మంజిష్ఠ, కరక్కాయ వంటి వాటితోనే అద్దకం జరిగేది. నూలు దారంతో రసాయనికంగా బంధం ఏర్పరచుకునే రియాక్టివ్ రంగులు 1956లో మార్కెట్టులోకి వచ్చాయి. ఉతికినా పోకుండా నిలుస్తాయి కాబట్టి నూలు అద్దకంలో ఇవి బాగా వ్యాపించాయి.

అయితే కాగులో వేసిన రంగంతా దారానికి పట్టదు. కొంత రంగు దారంతో కాక నీటితోనే చర్య జరిపి వృథా అవుతుంది. రంగును, పద్ధతిని బట్టి 10 నుంచి 40 శాతం వరకు ఇలా నీటిలోనే మిగిలిపోవచ్చు. రంగు దారం వైపు కదలడానికి ఉప్పు వేస్తారు. లీటరు నీటికి 30 నుంచి 80 గ్రాముల దాకా వేయడం మామూలే. రంగు పట్టడానికి సోడా కూడా కలుపుతారు. చిలపలను రంగు ఊడకుండా మళ్ళీ మళ్ళీ కడుగుతారు. పరిశ్రమల్లో కిలో బట్టను శుద్ధి చేసి, రంగు వేసి, కడిగేసరికి సుమారు 100 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి నీరు ఖర్చవుతుంది. కాలువలోకి వచ్చే నీటిలో రంగు, ఉప్పు, సోడా, గంజి, సబ్బు అన్నీ కలిసి ఉంటాయి.

మామూలు శుద్ధి ఎందుకు చాలదు?

ఊరి మురుగునీటిని బాక్టీరియా తినేస్తుంది. అదే జీవ శుద్ధి. కాని బట్ట రంగులను ఎండకు, సబ్బుకు, చెమటకు చెడిపోకుండా ఉండేలా తయారు చేస్తారు. చొక్కా మీద చెడిపోని రంగు చెరువులో మాత్రం ఎందుకు చెడిపోతుంది? బట్టకు గుణమైనదే నీటికి దోషమైంది.

రంగుల్లో సగానికి పైగా 'అజో' జాతివి. వీటి అణువులో రెండు నత్రజని పరమాణువులు ద్విబంధంతో కలిసి ఉంటాయి. గాలి అందని బురదలో బాక్టీరియా ఈ బంధాన్ని తెంపగలదు. అప్పుడు రంగు పోతుంది గాని, కొన్ని రంగుల నుంచి ఆరోమాటిక్ ఎమీన్లు పుడతాయి. వాటిలో కొన్ని క్యాన్సరు కారకాలు. అందుకే అటువంటి ఎమీన్లనిచ్చే అజో రంగులను 1994లో జర్మనీ నిషేధించింది. 1997లో మన దేశం కూడా అనేక రంగులను నిషేధించింది.

నీటి కాలుష్యాన్ని కొలవడానికి రెండు కొలతలు గుర్తుంచుకోవాలి. నీటిలోని మలినాలను సూక్ష్మజీవులు కుళ్ళబెట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పేది జీవరసాయన ఆక్సిజన్ డిమాండ్. రసాయనంతో పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి ఎంత కావాలో చెప్పేది రసాయన ఆక్సిజన్ డిమాండ్. మన దేశంలో 2016లో జౌళి పరిశ్రమకు ప్రకటించిన ప్రమాణాల ప్రకారం శుద్ధి చేసిన నీటిలో మొదటిది లీటరుకు 30 మిల్లీగ్రాములు, రెండవది 250 మిల్లీగ్రాములు దాటకూడదు. నదులు, కాలువల్లోకి వదిలే నీటిలో కరిగి ఉన్న లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ మూడో సంఖ్యను గుర్తుంచుకోండి, దానితో చివరలో పని పడుతుంది.

పటిక చేసే పని కరెంటు చేస్తే

వానాకాలంలో బురద నీటిని తేర్చడానికి మా నానమ్మలు బిందెలో చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక తిప్పేవారు. పటికలోని అల్యూమినియం నీటిలో జిగురులాంటి హైడ్రాక్సైడుగా మారి మట్టి రేణువులను పట్టుకుని అడుగుకు దిగుతుంది. దీన్నే స్కందనం అంటారు.

పటిక వేయకుండా, లోహపు రేకునే నీటిలో కరిగిస్తే? అదే విద్యుత్ స్కందనం. రెండు ఇనుప రేకులను రంగు నీటిలో ఎడంగా నిలబెట్టి ఏకముఖ విద్యుత్తు పంపిస్తారు. ధనధ్రువానికి కలిపిన రేకు ఆనోడు. అక్కడ ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి ఫెర్రస్ అయానుగా నీటిలోకి దిగుతుంది. ఋణధ్రువానికి కలిపిన రేకు కాథోడు. అక్కడ నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు, హైడ్రాక్సైడ్ అయాన్లు వస్తాయి. ఈ రెండు రకాల అయాన్లు కలిసి ఆకుపచ్చని ఫెర్రస్ హైడ్రాక్సైడు, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడు ఏర్పడతాయి.

రియాక్టివ్ రంగుల అణువుకు నీటిలో ఋణావేశం ఉంటుంది. లోహపు అయాన్లకు ధనావేశం ఉంటుంది. ఆవేశాలు తటస్థమై రంగు అణువులు ఒకదానికొకటి చేరుతాయి, హైడ్రాక్సైడు తుట్టెలకు అతుక్కుంటాయి. బరువైనవి అడుగుకు దిగుతాయి. తేలికైన వాటిని హైడ్రోజన్ బుడగలు పైకి తేల్చి మీగడలా నిలబెడతాయి. పైది తీసేసి, అడుగుది వడగడితే నడుమ తేటనీరు మిగులుతుంది. పటిక వేస్తే నీటికి సల్ఫేటు కలుస్తుంది. ఈ పద్ధతిలో అలా కొత్త లవణం కలవదు. అదొక మేలు.

ఇది నిన్నటి ఆలోచన కాదు. 1889లోనే లండన్‌లో మురుగునీటిని కరెంటుతో శుద్ధి చేసే కేంద్రం కట్టారు. ఖర్చు భరించలేక ఆపేశారు. కరెంటు అందుబాటులోకి వచ్చాక ఈ పద్ధతికి మళ్ళీ గిరాకీ వచ్చింది. మన దేశంలో విద్యుత్ రసాయన శాస్త్రం కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. తమిళనాడులోని కారైకుడిలో 1948లో శంకుస్థాపన జరిగి, 1953లో ప్రారంభమైన కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ అది. జౌళి వ్యర్థజలాల మీద కూడా అక్కడ పరిశోధనలు జరిగాయి.

ఫారడే నియమంతో ఒక లెక్క

పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టే ఫారడే నియమం ఇక్కడ అన్నం పెట్టే లెక్క. కరిగే లోహం భారం, పంపిన విద్యుత్ పరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మోల్ ఎలక్ట్రాన్లకు సుమారు 96,500 కూలూంబులు కావాలి. ఇనుము పరమాణు భారం 55.85. అది వదిలే ఎలక్ట్రాన్లు 2. ఒక ఆంపియరు ఒక గంట పాటు ప్రవహిస్తే 3,600 కూలూంబులు. కాబట్టి కరిగే ఇనుము:

55.85 × 3,600 ÷ (2 × 96,500) = సుమారు 1.04 గ్రాములు

ఇప్పుడు 100 లీటర్ల తొట్టిలో 50 ఆంపియర్లు, 10 వోల్టుల వద్ద ఒక గంట పంపామనుకుందాం. కరిగే ఇనుము 52 గ్రాములు. ఖర్చయ్యే విద్యుత్తు 50 × 10 = 500 వాట్లు, గంటకు అర యూనిట్. అంటే 1,000 లీటర్లకు 520 గ్రాముల ఇనుము, 5 యూనిట్ల కరెంటు. యూనిట్ 8 రూపాయలు, ఇనుము కిలో 60 రూపాయలు అనుకుంటే కరెంటుకు 40, ఇనుముకు 31, మొత్తం 71 రూపాయలు. లీటరుకు సుమారు 7 పైసలు. కిలో బట్టకు 100 లీటర్ల నీరనుకుంటే 7 రూపాయలు.

ఇది మేము ఊహించుకున్న ధరలతో వేసిన లెక్క మాత్రమే. తొట్లు, పంపులు, పనివారి కూలి ఇందులో లేవు. నీరు మారితే కరెంటూ మారుతుంది. అడ్డి కూడా లెక్కలోకి రాలేదు. ఆ 520 గ్రాముల ఇనుమంతా ఫెర్రిక్ హైడ్రాక్సైడుగా మారితే పొడి బరువే సుమారు ఒక కిలో అవుతుంది. దానికి రంగు, తడి అదనం. ఈ అడ్డిని చేను గట్టున పోస్తే వానకు రంగు మళ్ళీ కాలువలోకే వస్తుంది. దాన్ని ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాల కోసం ఏర్పాటు చేసిన స్థలానికి పంపాలి.

రేకుల మీద పొర పేరుకుని కరెంటు పారకపోవడం ఇంకో చిక్కు. అప్పుడప్పుడూ ధ్రువాలను తారుమారు చేస్తే ఈ పొర కొంత వదులుతుంది.

అడ్డి లేకుండా రంగును విరగ్గొట్టడం

విద్యుత్ స్కందనంలో రంగు నాశనం కాదు, నీటిలో నుంచి అడ్డిలోకి మారుతుంది, అంతే. రంగు అణువునే విరగ్గొట్టే పద్ధతి విద్యుత్ ఆక్సీకరణం. ఇందులో కరగని ఆనోడు వాడతారు. 1960వ దశకంలో హెన్రీ బీర్ రూపొందించిన, టైటానియం మీద రుథీనియం ఆక్సైడు పూత వేసిన రేకులు ఈ రకానివే. బోరాన్ కలిపిన వజ్రపు పూత రేకులు ఇంకా శక్తిమంతమైనవి, ఖరీదూ ఎక్కువే.

అద్దకం నీటిలో మామూలు ఉప్పు ఉంటే, ఆనోడు దగ్గర క్లోరైడు ఎలక్ట్రాన్లను వదిలి క్లోరిన్ అవుతుంది. అది నీటిలో కరిగి హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైటు అవుతుంది. బ్లీచింగ్ పౌడరు పనిచేసేది కూడా హైపోక్లోరైటుతోనే. ఇది అజో బంధం ఉన్న రంగులను విరగ్గొట్టి వెలిసిపోయేలా చేస్తుంది. నీటిని పాడుచేసిన ఉప్పే ఇక్కడ మందు తయారీకి పనికివస్తుంది, కరెంటును కూడా బాగా మోస్తుంది. అయితే క్లోరిన్ కర్బన పదార్థాలతో కలిసి కొత్త విషపదార్థాలను కూడా తయారు చేయగలదు. అందుకే నీరు తెల్లబడగానే పని అయిపోయిందనుకోకూడదు. రసాయన ఆక్సిజన్ డిమాండ్‌ను, క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాలను కూడా పరీక్షించాలి.

మూడో దారి విద్యుత్ ఫెంటన్ పద్ధతి. 1894లో ఫెంటన్ అనే శాస్త్రవేత్త, హైడ్రోజన్ పెరాక్సైడుకు ఫెర్రస్ అయాను తోడైతే గొప్ప ఆక్సీకరణ శక్తి వస్తుందని చూపించాడు. ఆ శక్తికి కారణం హైడ్రాక్సిల్ రాడికల్. కాథోడు దగ్గర ఆక్సిజన్ నుంచే పెరాక్సైడు తయారయ్యేలా చూస్తే, దాన్ని కొనితెచ్చుకునే పని లేకుండా తొట్టిలోనే పుట్టించుకోవచ్చు.

మేము చేసిన ప్రయోగం

ఒక మిత్రుని ఇంటి నుంచి ఎరుపు రంగు అద్దిన కాగులోని నీరు ఒక సీసాలో తెచ్చాం. మాస్టారు దగ్గరుండగా, ప్రయోగశాల కిటికీలన్నీ తెరిచి, బ్యాటరీ ఎలిమినేటరుతో పని చేశాం. గోడ ప్లగ్గులోని కరెంటును నేరుగా నీటిలోకి పంపడం ప్రాణాంతకం. తమ్ముళ్ళెవరూ ఎట్టి పరిస్థితుల్లోనూ అలా చేయవద్దు. హైడ్రోజన్ మండే వాయువు కాబట్టి దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు.

మొదటి బీకరులో అర లీటరు రంగు నీరు, రెండు ఇనుప రేకులు. ఒక ఆంపియరుకు దగ్గరగా ఉండేట్టు చూసుకుని అరగంట పంపాం. ముందు బుడగలు వచ్చాయి, తర్వాత ఆకుపచ్చ తుట్టెలు, కలియబెడితే అవి గోధుమరంగుకు తిరిగాయి. తేరనిచ్చి వడగడితే లేత పసుపు తప్ప ఎరుపు కనిపించలేదు. ఫారడే లెక్క ప్రకారం అర గ్రాము ఇనుము కరగాలి. ఆరబెట్టిన ఆనోడు రేకును మళ్ళీ తూస్తే తగ్గిన బరువు దాదాపు అంతే ఉంది. పుస్తకంలోని నియమం త్రాసు మీద కనిపించిన ఆ క్షణం మాకు గొప్ప పండుగ.

రెండో బీకరులో పాత టార్చి సెల్లులోని కార్బన్ కడ్డీల లాంటి గ్రాఫైటు కడ్డీలు పెట్టాం. అడ్డి ఏర్పడలేదు. కడ్డీ నుంచి కొంచెం నల్లపొడి రాలింది. ఎరుపు మెల్లగా వెలిసింది. బ్లీచింగ్ పౌడరు వాసన రాగానే మాస్టారు స్విచ్ ఆపేశారు.

రెండు నీళ్ళూ తేటగా కనిపించాయి. మా బావి చెడిందన్న మిత్రుడు కూడా "అయితే సమస్య తీరినట్టే కదా!" అన్నాడు. మాస్టారు ఏమీ అనకుండా, రెండింటి నుంచీ కొంచెం నీటిని పింగాణీ గిన్నెల్లో పోసి ఇగరబెట్టమన్నారు. రెండు గిన్నెల అడుగునా తెల్లని ఉప్పు పెళ్ళ కట్టింది. అదే తేటనీటితో ఒక పళ్ళెంలో, మంచినీటితో ఇంకో పళ్ళెంలో పెసలు తడిపాం. మూడో రోజుకు మంచినీటి పెసలు మొలకెత్తాయి. తేటనీటి పెసలు అలాగే ఉండిపోయాయి.

ఆ పళ్ళెం చూసి మేమందరం చాలాసేపు మాట్లాడలేదు. రంగు కంటికి కనిపించే దోషం, ఉప్పు కనిపించని దోషం. బావిని చెడగొట్టింది ఎక్కువగా ఆ కనిపించనిదేనేమో అని మాకు అప్పుడు అనిపించింది. లవణాల పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములని పైన చెప్పాం. కాగులో వేసే ఉప్పు 30,000 నుంచి 80,000 మిల్లీగ్రాములు! కడిగిన నీరు కలిసి పలుచనైనా అది పరిమితి దాటే ఉంటుంది. మేము చేసినట్టు రంగు తీయడం వల్ల ఈ ఉప్పు పోదు.

నొయ్యల్ నది నేర్పిన పాఠం

తమిళనాడులో నొయ్యల్ అనే చిన్న నది పడమటి కనుమల్లో పుట్టి, తిరుప్పూరు మీదుగా ప్రవహించి కావేరిలో కలుస్తుంది. తిరుప్పూరు బనియన్లు, అల్లిక దుస్తులకు పేరుపొందిన పట్టణం. దాని దిగువన పొలాలకు నీరివ్వడానికి ఒరత్తుపాళయం వద్ద 1992లో ఆనకట్ట కట్టారు. కొన్నేళ్ళకే అది అద్దకం నీరు నిలిచే చెరువైంది. ఆ నీరు పెట్టలేక, బావులు ఉప్పుబారి రైతులు నష్టపోయి కోర్టుకెక్కారు. 2006లో మద్రాసు హైకోర్టు ఒక్క చుక్క వ్యర్థజలం కూడా బయటకు వదలకూడదని ఆదేశించింది. అది అమలు కాకపోవడంతో 2011 జనవరిలో అద్దకం, బ్లీచింగ్ యూనిట్లన్నింటినీ మూసివేయమంది. దానితో ఎందరో కార్మికుల ఉపాధి దెబ్బతింది. మా స్టడీ అవర్‌లో జరిగిన తగాదానే అక్కడ ఒక నది పొడుగునా జరిగింది.

తర్వాత అక్కడ యూనిట్లు కలిసి నడిపే ఉమ్మడి శుద్ధి కేంద్రాలు నిలదొక్కుకున్నాయి. రంగు, మలినాలు తీశాక నీటిని రివర్స్ ఆస్మాసిస్ పొరల గుండా పంపి మంచినీటిని వేరు చేస్తారు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఇగరబెట్టి ఉప్పు తీస్తారు, లేదా శుద్ధి చేసి ఆ ఉప్పునీటినే మళ్ళీ అద్దకానికి వాడతారు. ఇందులో కరెంటు ఖర్చు ఎక్కువే.

మరి మన చిన్న అద్దకందారులు?

పోచంపల్లి, చీరాల, సిరిసిల్ల వంటి చోట్ల పెద్ద మిల్లులే కాదు, చిన్న యూనిట్లు, ఇంటి దగ్గర కాగులు పెట్టుకునేవారు కూడా ఉంటారు. ఒక్కొక్కరూ రివర్స్ ఆస్మాసిస్ పెట్టుకోలేరు. మాకు తోచినవి ఇవి. కాగులోని చిక్కటి నీటిని, కడిగిన పలుచని నీటిని ఒకే కాలువలో కలపకుండా వేరుగా పట్టాలి. కాగు నీరు తక్కువ, ఉప్పు ఎక్కువ. దాని రంగును కరెంటుతో తీసి, అదే ఉప్పునీటిని తర్వాతి కాగుకు వాడుకుంటే ఉప్పు ఖర్చు కూడా కలిసివస్తుంది. పలుచని నీటికి వీధికో, సంఘానికో ఒక ఉమ్మడి తొట్టి ఉండాలి. విద్యుత్ రసాయన పద్ధతికి కావలసింది ఏకముఖ విద్యుత్తు, సౌరఫలకాలు ఇచ్చేదీ అదే. తక్కువ ఉప్పుతో పట్టే రంగులు వాడటం అన్నింటికన్నా ముందు చేయవలసిన పని. నీటిలో కలపని ఉప్పును మళ్ళీ తీయనక్కర లేదు కదా!

మా లెక్కలో కిలో బట్టకు 7 రూపాయలు వచ్చింది. ఉప్పు కూడా తీయాలంటే ఇంకా ఎక్కువే అవుతుంది. ఆ డబ్బు అద్దకందారుడి కూలిలోంచి పోవాలా, రైతు పంటలోంచి పోవాలా అన్నదే ఇన్నాళ్ళ తగాదా. బట్ట కట్టుకునే మనం, అమ్మే వ్యాపారి, పన్ను తీసుకునే ప్రభుత్వం కూడా అందులో భాగం పంచుకోవాలని మేము అనుకుంటున్నాం.

ఆ రోజు పోట్లాడుకున్న మా మిత్రులిద్దరూ ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుతున్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకరు కాగు నీటిని వేరే గుంటలో పట్టమని నాన్నకు చెప్పి వచ్చారు. ఇంకొకరు బావి నీటిని ఒక సీసాలో పట్టి తెచ్చారు. వచ్చే ఏడాది మా పని ఆ సీసాతోనే మొదలవుతుంది.